గోదావరి జిల్లాల్లో ఒక మైనస్ గుర్తు వెంట

తిరిగి రాగానే ఆఫీసులో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, పూతరేకులు తెచ్చావా అని. తెచ్చాను. రెండో ప్రశ్న, ఇంతకీ ఆ రెండు ప్రోగ్రాములూ మాట్లాడుకున్నాయా అని. దానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పలేక ఇలా రాయడానికి కూర్చున్నాను.

మాది అనంతపురం. పెన్నలో నీళ్ళొస్తే పిల్లల్ని చంకనేసుకుని చూడ్డానికి పోయే జిల్లా. అలాంటి ఊరి మనిషికి పుణెలో దొరికిన ఉద్యోగం, నదుల్ని కంప్యూటర్లో పారించడం. వేల ప్రాసెసర్లు ఒకేసారి లెక్కలు వేసే పెద్ద యంత్రం మీద శాస్త్రజ్ఞులు రాసిన ప్రోగ్రాములు నడుస్తుంటాయి. ఒకరు వాన లెక్క రాస్తారు, ఒకరు నది, ఒకరు సముద్రం. ఎవరి భాష వాళ్ళది, ఎవరి అలవాట్లు వాళ్ళవి. వాటిని ఒకదానితో ఒకటి కలపడం నా పని.

కలపడానికి అందరూ ఒప్పుకున్న ఒక పద్ధతి ఉంది. దాన్ని స్టాండర్డ్ అంటాం. ఒక్కో ప్రోగ్రామూ ఒక కాంపోనెంటు, అంటే విడి భాగం. లోపల ఏం చేసుకుంటుందో ఎవరికీ అక్కర్లేదు. బయటికి మాత్రం రెండు సంగతులు రాసిపెట్టాలి: నేను ఏమిస్తాను, నాకేం కావాలి. ఏ కొలతలో, ఎంతసేపటికొకసారి అన్నది కూడా అందులోనే. ఇద్దరూ అది నిజాయితీగా రాస్తే, ఎన్నడూ మొహం చూసుకోని రెండు ప్రోగ్రాములు హాయిగా కలిసి పనిచేస్తాయి.

ఈ రెండూ మాత్రం చెయ్యలేదు. ఒకటి రాజమండ్రి సుబ్బారావు గారిది. ధవళేశ్వరం బ్యారేజీ దాటిన నీరు వసిష్ఠ పాయలో ఎంత ఎత్తున, ఎంత వడిగా దిగుతుందో చెబుతుంది. రెండోది భీమవరం వర్మ గారిది. సముద్రపు పోటు అదే పాయలోకి ఎంత దూరం ఎక్కుతుందో, ఎంత ఉప్పు మోసుకొస్తుందో చెబుతుంది. రెండూ కలిస్తే ఏటి ఒడ్డున ఉన్న పొలాలకీ చెరువులకీ ఉప్పు నీరు ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది. నెలల తరబడి ఈమెయిళ్ళు నడిచాయి. ఇద్దరూ రాసేది ఒకటే మాట: "ఆయన ఇష్టమండి."

మా బాస్ విసిగిపోయాడు. "యంత్రం మీద మనకిచ్చిన సమయం శుక్రవారంతో అయిపోతుంది. ఈలోగా నువ్వెళ్ళి కలిపితే సరి. లేకపోతే ఆ రెండూ పక్కన పడేసి, మొత్తం ఒకే ప్రోగ్రాముగా ఇక్కడే కొత్తగా రాసేద్దాం," అన్నాడు.

పక్కన పడేయడమంటే ఇద్దరు పెద్దమనుషుల సగం జీవితాన్ని పక్కన పడేయడం. వాళ్ళకి ఆ సంగతి చెప్పకుండానే రైలెక్కాను.

వంతెన మీద

కొవ్వూరు దాటి రైలు వంతెన మీదికి రాగానే స్లీపరు బోగీ మొత్తం కిటికీల వైపు ఒరిగింది. చేతుల్లో చిల్లర. నేనూ పర్సు వెతికి ఒక రూపాయి తీసి, తెరలో రోజూ నీలం గీతగా చూసే గోదావరికి ఎదురుగా మొదటిసారి దణ్ణం పెట్టుకుని విసిరాను. అది ఇనుప దూలానికి ఖంగున తగిలి, వెనక్కొచ్చి, ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఒళ్ళో పడింది.

ఆవిడ తుని వెళుతోంది. రూపాయి తీసి నాకందిస్తూ, "గోదారమ్మ వద్దంది తల్లీ. మళ్ళీ వెయ్యి. ఈసారి సందు చూసి," అంది.

ఈసారి పడింది. ఎక్కడికి, ఏం పని అని అడిగింది. గోదావరి మీద లెక్కలు వేస్తానని చెప్పాను. "కాంట్రాక్టరువా?" అంది అనుమానంగా చూస్తూ. కాదు, కంప్యూటర్లో అన్నాను. ఆవిడ ముఖం తేటపడింది. "అదీ! ఆడపిల్లవి, ఇసుక గొడవలు నీకెందుకనుకున్నాను."

రాజమండ్రి

సుబ్బారావు గారు కాలేజీలో నీటి శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో రెండు పెన్నులతో గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. దానవాయిపేటలో వాళ్ళ మేడ. ఆయన భార్య కామేశ్వరి గారు నన్ను కూర్చోనివ్వకముందే, "కాఫీ తీసుకుంటారా అమ్మా?" అన్నారు.

"వద్దండీ, రైల్లో తాగాను," అన్నాను.

కాఫీ వచ్చింది. తర్వాత ఇడ్లీ. తర్వాత కాజా. మా వైపు ఎవరైనా తింటావా అని అడిగి, వద్దంటే, కంచం ఎత్తి గూట్లో పెట్టేస్తారు. ఇక్కడ వద్దు అనేది మాటలు మొదలుపెట్టడానికి వాడే పదమని మొదటి గంటలోనే అర్థమైంది.

ఆయన తన ప్రోగ్రామును "మా పెద్దది" అని పిలుస్తారు. ఫోర్ట్రాన్ భాషలో రాశారు. లోపల చూస్తే ఒక్కో అంకెకి ఒక్కో రేవు పేరు పెట్టుకున్నారు. చదువుతుంటే పడవ మీద పోతున్నట్టుంది. కొత్తగా రాసే కుర్రకారు నవ్వుతారేమో గానీ, ఏ లెక్క ఎందుకు వేశారో అన్నిచోట్లా వివరం ఉంది. అలాంటిది పక్కన పడేయమంటే నాకు మనసొప్పదు.

స్టాండర్డ్ ప్రకారం రాయాల్సిన వివరాల ఫైలు తెరిచాం. "నేను ఏమిస్తాను" కింద తీర్చిదిద్దినట్టు రాశారు. "నాకేం కావాలి" కింద ఒకే వాక్యం ఉంది: బావగారు ఏది ఇస్తే అది.

"బావగారెవరండీ?" అన్నాను.

"వర్మ గారండి. మా అమ్మాయిని వాళ్ళబ్బాయికి ఇచ్చాం కదండీ. మా వియ్యంకులు."

పుణెలో ఎవరికీ తెలియని సంగతి ఇది. పిల్లలిద్దరూ భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతూ ఇష్టపడ్డారు, ఇప్పుడు వైజాగ్‌లో ఉద్యోగాలు. కులాలు వేరు. పెళ్ళి సవ్యంగానే జరిగింది గానీ, ఎక్కడ ఏ మాట తేడా వస్తుందోనని ఇటు వాళ్ళు అటు వాళ్ళకి, అటు వాళ్ళు ఇటు వాళ్ళకి ఆరేళ్ళుగా గాజు సామాను మోస్తున్నట్టు మర్యాదలు చేసుకుంటున్నారు.

"కానీ సార్, అవతల ప్రోగ్రాం నుంచి మీకు సముద్ర మట్టం రావాలి కదా. అది ఎలా కావాలో రాయకపోతే ఎలా?"

"మనం నోరు తెరిచి ఇలా కావాలి అని అడిగితే బాగుంటుందాండీ?" అన్నారాయన, నేనేదో కట్నం అడగమన్నట్టు. "అసలే ఆడపిల్ల తండ్రిని."

సాయంత్రం మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ ఇప్పించారు. గ్లాసు నలభై. చల్లగా, గులాబీ రంగులో, పైన మీగడ. "బాగుందాండీ?" అన్నారు. చాలా బాగుందన్నాను. వెంటనే ఇంకోటి చెప్పారు. అది తాగలేక, వద్దనలేక, నేనూ ఆ ఊరి మనిషినయ్యాను.

కొవ్వూరు

భీమవరానికి నాతోపాటు తనూ వస్తానన్నారు. బస్సు గోదావరి దాటి కొవ్వూరు చేరాక అక్కడ టైరు పంక్చరైంది. దిగి చుట్టూ చూస్తే, నది అవతల రాజమండ్రి మొత్తం ఒక గీతలా కనిపిస్తోంది. "మా ఊరి అందం కొవ్వూరు వాళ్ళదండి. మాకు వీళ్ళ ఊరే కనపడుతుంది," అన్నారు సుబ్బారావు గారు.

పక్క హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం. ప్లేటు అరవై. పెసరట్టు నాకు కొత్త కాదు గానీ, దాని కడుపులో ఉప్మా పెట్టి మడవడం మా వైపు లేదు. రెండు టిఫిన్లు ఒకదానిలో ఒకటి దూర్చడమేమిటని మొదట అనుకున్నా, రెండో ముక్కకి ఒప్పుకున్నాను. బిల్లు దగ్గర యుద్ధం జరిగింది. నేను ఇస్తానంటే ఆయన ఇస్తానన్నారు. ఈలోపు పక్క బల్ల మీది ఆయన లేచి ఇచ్చేశాడు. ఎప్పుడో ఈయన దగ్గర చదువుకున్నాడట. సుబ్బారావు గారికి అతని పేరు గుర్తు లేదు. అడిగితే నొచ్చుకుంటాడని అడగలేదు. బస్సు కదిలాక, "ఎవరండీ ఆయన?" అన్నాను.

"తెలీదండి. మంచివాడు," అన్నారు.

భీమవరం

కాలవ గట్టు వెంట పోయేకొద్దీ వరిచేలు తగ్గి చెరువులు ఎక్కువయ్యాయి. ఒక్కో చెరువులో నీళ్ళని చిలికే చక్రాలు గిరగిరా తిరుగుతూ తెల్లటి నురగ లేపుతున్నాయి. రొయ్యలకి ఊపిరాడ్డానికట. మా జిల్లాలో మనుషులకే బిందె లెక్కన పోస్తారు నీళ్ళు. ఇక్కడ రొయ్యలకి ఫ్యాన్లు కూడా పెట్టారు.

వర్మ గారు పొట్టిగా, గుండ్రంగా, గలగలా నవ్వే మనిషి. ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెప్పడం మానేసి సొంత చెరువులు చూసుకుంటున్నారు. ఒక ఏడాది ఏట్లోంచి తోడిన నీళ్ళలో ఉప్పు తేడా వచ్చి చెరువంతా పోయిందట. ఆ కోపంతో మొదలెట్టిన ప్రోగ్రామిది. సీ ప్లస్ ప్లస్ భాషలో, ఎక్కడా ఒక్క మాట వివరం లేకుండా, కానీ గాలిలా పరిగెత్తేది.

"రండి బావగారూ, రండి! ప్రయాణం సుఖంగా జరిగిందాండీ? ఎండలో ఎందుకండీ శ్రమ, చెబితే కారు పంపేవాణ్ణి కదండీ!"

"అబ్బే, మీకెందుకండీ శ్రమ బావగారూ!"

గుమ్మంలో ముందు ఎవరు అడుగు పెట్టాలన్న దగ్గర కాసేపు ఆగిపోయాం. వర్మ గారి భార్య సుభద్ర గారు వచ్చి, "లోపలికి రండమ్మా, వాళ్ళు వస్తారు," అని నన్ను పట్టుకెళ్ళారు.

భోజనంలో రొయ్యల వేపుడు, రొయ్యల ఇగురు, రొయ్యలు వేసిన గోంగూర, పైన రొయ్యల బిర్యానీ. మొహమాటం లేకుండా తిన్నాను. సుబ్బారావు గారి విస్తట్లో వర్మ గారు స్వయంగా వడ్డిస్తున్నారు. "మన చెరువువేనండి, ఇంకొంచెం." "చాలండి బావగారూ, చాలా బాగుంది." ఇంకో గరిటె పడింది. ఆయన చివరిదాకా తిన్నారు. చెయ్యి కడుక్కున్నాక పెరట్లో ఒకసారి వీపు గోడకేసి రుద్దుకోవడం చూశాను గానీ, ఎండకి చెమటకాయలేమో అనుకున్నాను.

వర్మ గారి వివరాల ఫైల్లో "నాకేం కావాలి" కింద రాసింది: బావగారికి ఎలా వీలైతే అలా.

ఇక అడిగి లాభం లేదని, ఉన్నవి ఉన్నట్టుగానే కలిపి నడిపి చూశాను. ల్యాప్‌టాప్‌లో ఇక్కడ బటన్ నొక్కితే పుణెలో యంత్రం లెక్కలు మొదలెట్టింది. కాసేపటికి తెర మీద బొమ్మ వచ్చింది. ముగ్గురం దగ్గరికి జరిగాం.

సముద్రం నర్సాపురం దగ్గర లోపలికొచ్చింది. రావాలి కూడా. కానీ ఆగలేదు. పైనున్న సిద్ధాంతం ఊరు దాటింది. బ్యారేజీ ఎక్కింది. రాజమండ్రి, నేను రోజ్ మిల్క్ తాగిన వీధితో సహా, ఉప్పునీళ్ళలో మునిగిపోయింది.

"అయ్యయ్యో," అన్నారు వర్మ గారు, నిజంగానే బాధగా. "మీ ఊరు ముంచేశానండి బావగారూ."

"లేదండి, పొరపాటు నావైపే ఉంటుంది."

"అదేంటండీ, సముద్రం నాది కదా!"

పొరపాటు ఎవరిదీ కాదు. సుబ్బారావు గారి ప్రోగ్రాం నీటి ఎత్తు చెబుతుంది: మూడు అంటే సముద్రానికి మూడు మీటర్లు పైన. వర్మ గారిది లోతు అడుగుతుంది: దానికి మూడు అంటే మూడు మీటర్లు కింద. ఎత్తుగా ఉన్న నదిని అది సముద్రం కంటే లోతున ఉన్న గొయ్యి అనుకుంది. గొయ్యి కనబడితే సముద్రం ఊరుకుంటుందా? ఒక్క మైనస్ గుర్తు తేడా, అంతే. అందుకే స్టాండర్డ్‌లో ఆ సంగతి ముందే రాయమంటారు.

"ఎవరో ఒకరు గుర్తు మార్చుకుంటే చాలండి. ఎవరు మారుస్తారో మీరిద్దరూ అనుకుని చెయ్యండి," అని చెప్పి నేను లాడ్జికెళ్ళాను. అసలు పద్ధతి ప్రకారం ఇద్దర్నీ కదపకుండా మధ్యలో గుర్తు మార్చే చిన్న భాగం ఒకటి నేను రాసి పెట్టాలి. కానీ ఒక్క మైనస్సే కదా, ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకున్నాను. ఈ జిల్లాల్లో ఎవరో ఒకరు అంటే ఏమవుతుందో నాకింకా తెలియదు.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ, "అయిపోయిందండి," అన్నారు. మళ్ళీ నడిపాను.

రాజమండ్రి మళ్ళీ మునిగింది. ఒక్క అంగుళం తేడా లేకుండా.

ఆ పూటంతా నాకు పిచ్చెక్కింది. యంత్రాన్ని అనుమానించాను. పాత ఫైలే నడుస్తోందేమోనని పుణెలో యంత్రం చూసుకునే కుర్రాణ్ణి కేకలేశాను. చివరికి నన్ను నేనే అనుమానించుకున్నాను. బాస్ ఫోన్ చేశాడు. బొమ్మ అతనూ చూశాడు. "సముద్రం రాజమండ్రిలో ఏం చేస్తోంది?" అన్నాడు. "రేపు శుక్రవారం. ఇక చాలు, వచ్చెయ్. మనమే రాసుకుందాం."

ఫోన్ స్పీకరు మీద లేదు గానీ, అతని గొంతు పెద్దది. ఇంగ్లీషు ఇద్దరికీ బాగా వచ్చు. సుబ్బారావు గారు పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, పెట్టారు. వర్మ గారు నవ్వడం ఆపేశారు.

చించినాడ

"వెళ్ళేముందు ఆ చోటు అయినా చూడండమ్మా," అన్నారు వర్మ గారు. రెండు ప్రోగ్రాములూ చేతులు కలిపేది చించినాడ వంతెన దగ్గర. దానికి పైన నది సుబ్బారావు గారిది, కింద వర్మ గారిది. పాలకొల్లు మీదుగా కారులో తీసుకెళ్ళారు. ఎక్కేటప్పుడు ఇద్దరూ ముందు సీటు మీదంటే మీదని, చివరికి ఇద్దరూ వెనక కూర్చున్నారు. ముందు నేను, డ్రైవరు.

వంతెన పక్కన ఒకావిడ కొబ్బరి బొండాలు అమ్ముతోంది. బొండం ముప్ఫై. అనంతపురం అలవాటుగా ఇరవైకిస్తావా అన్నాను. "మీరు తాగండి ముందు, తీపి లేకపోతే ఊరికే," అంది. తీపిగా ఉంది, ఇవ్వక తప్పలేదు.

మేం నది వైపు చేతులు చూపించి మాట్లాడుకోవడం విని, "సర్వేకొచ్చారాండీ?" అంది. ఉప్పు నీరు ఎప్పుడు పైకొస్తుందో ముందే చెప్పే పని మీద వచ్చామన్నాను.

"ఎప్పుడొస్తుందో మీకు తెలుస్తుందా?" ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "మాకు ఏటి పక్కన అరెకరం ఉండేదండి. ఒకసారి పోటు నీళ్ళు పెట్టేశాం తెలీక. నారు మొత్తం మాడిపోయింది. మీరు ముందే చెబుతారంటే మంచిదే. ఎప్పట్నించి చెబుతారు?"

నేను వాళ్ళిద్దరి వైపూ చూశాను. వాళ్ళిద్దరూ నది వైపు చూశారు.

వర్మ గారే ముందు నోరు తెరిచారు. "తప్పు నాదేనండి బావగారూ. మీకు శ్రమ ఎందుకని నిన్న సాయంత్రమే నా ప్రోగ్రాంలో గుర్తు మార్చేశాను. ఎక్కడో సరిగ్గా మార్చలేదు."

సుబ్బారావు గారు తిరిగి చూశారు. "మీరు మార్చారా?"

"ఆయ్."

"నేనూ మార్చానండి. మిమ్మల్ని మార్చమంటే బాగుండదని."

ఇద్దరూ మార్చారు. ఈయన ఎత్తుని లోతుగా చేశారు, ఆయన లోతుని ఎత్తుగా చేశారు. గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చి, రాజమండ్రి రెండోసారి మర్యాద వల్ల మునిగింది.

పుణెలో ఇన్నేళ్ళుగా దాచుకున్న మా ఊరి నోరు అప్పుడు బయటపడింది. "ఏంది సార్ ఇది! ఇట్లయితే యాడ తెగుతాది? ఆమె ఎప్పట్నుంచి చెప్తారని అడగతాంది, మీరేమో నువ్వంటే నువ్వంటారు! ఏం కావల్లో నోరు తెరిచి చెప్తే ఏం పోతాది? ఒక్కరన్నా చెప్పండి!"

బొండాలావిడతో సహా అందరూ నా వైపు చూశారు. అరిచాక నాకే సిగ్గేసింది. తండ్రి వయసు వాళ్ళు.

సుబ్బారావు గారు చొక్కా మీదుగా భుజం గోక్కున్నారు. తర్వాత మెల్లగా అన్నారు: "అయితే ఒకటి చెప్పనాండీ బావగారూ. ఏమీ అనుకోరు కదా?"

"చెప్పండి, చెప్పండి."

"నాకు రొయ్య పడదండి."

వర్మ గారికి అర్థం కాలేదు. "ఏ రొయ్యండీ?"

"ఏ రొయ్యయినా. ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. మీ ఇంటికొచ్చే ముందు ఒక మాత్ర, వెళ్ళాక ఒక మాత్ర వేసుకుంటున్నాను."

"ఆరేళ్ళ నించీ?"

"ఆరేళ్ళ నించీనండి."

వర్మ గారి ముఖంలో ముందు భయం, తర్వాత జాలి, ఆ తర్వాత కోపం వచ్చాయి. "చెప్పాలి కదండీ! ఏమన్నా అయితే మా కోడలికి ఏం మొహం చూపించేవాణ్ణి? పెళ్ళిలో కూడా నేనే వడ్డించాను కదండీ మీకు!"

"పెళ్ళి రోజు రెండు మాత్రలు వేసుకున్నానండి."

వర్మ గారు వంతెన పిట్టగోడకి ఆనుకుని నవ్వడం మొదలెట్టారు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. "సరే, నేనూ చెబుతానండి మరి. మీ ప్రోగ్రాం గంటకోసారి అంకె ఇస్తుంది. నాకు చాలదండి! పోటు ఎక్కేటప్పుడు గంటలో చాలా జరిగిపోతుంది. పది నిమిషాలకోసారి కావాలి. అడిగితే మీ పని తక్కువ చేసినట్టుంటుందని, మధ్యలో అంకెలు నేనే ఊహించి వేసుకుంటున్నాను."

"ఊహించి వేసుకుంటున్నారా!" ఈసారి కోపం సుబ్బారావు గారిది. వియ్యంకుడి మీద ఆయన గొంతు పెంచడం బహుశా అదే మొదలు. "నేను లెక్క కట్టేదే పది నిమిషాలకండీ! మీ ప్రోగ్రాంకి బరువవుతుందేమోనని గంటకోసారి ఇస్తున్నాను!"

"బరువేంటండీ, గుర్రంలాగా పరిగెడుతుంది నాది!"

"నాకేం తెలుసండీ, మీరు లోపల ఒక్క ముక్క వివరం రాయరు కదా!"

"అందరికీ అర్థమయ్యేలాగే రాశానండి!"

"ఎవరికండీ అర్థమయ్యేది? దేవుడిక్కూడా అర్థం కాదు!"

బొండాలావిడ నా పక్కకొచ్చి, "కొట్టుకుంటారాండీ?" అంది మెల్లగా. లేదమ్మా, ఇప్పుడే పని మొదలైంది అన్నాను. సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి కారు బానెట్ మీద పెట్టి, వేడికి చెయ్యి కాలి, మళ్ళీ తీసి ఆవిడ కొబ్బరి బొండాల బల్ల మీద పెట్టాను. "నాకేం కావాలి" అన్న చోటు రెండు ఫైళ్ళలోనూ చెరిపేసి, వాళ్ళు అరుస్తుంటే నేను టైపు చేశాను. ఎత్తు పైకే కావాలి. లోతు కిందికే కావాలి. పది నిమిషాలు. ఉప్పు ఏ కొలతలో. మట్టం ఎక్కడి నుంచి లెక్క. ఒక్కో పంక్తికీ ఒక్కో దెబ్బలాట.

మళ్ళీ భీమవరం

ఎవరి ప్రోగ్రాం వాళ్ళు పాతదానికి మార్చేశారు. మధ్యలో మైనస్ పెట్టే చిన్న భాగం, నేను మొదటి రోజే రాయాల్సింది, శుక్రవారం పొద్దున్న కూర్చుని రాశాను. సుభద్ర గారు అల్లం టీ పట్టుకొచ్చి, భర్త చెప్పిన సంగతి విని, సుబ్బారావు గారి ముందు నిలబడ్డారు.

"అన్నయ్యగారూ, ఇవాళ పప్పూ బెండకాయ వేపుడే చేస్తాను. అది పడుతుందా?"

"దివ్యంగా పడుతుందండి."

"బెండకాయ కూడా నచ్చకపోతే ఇప్పుడే చెప్పండి. తర్వాత వైజాగ్ నించి ఫోన్లొస్తే నేను పడలేను."

మధ్యాహ్నానికి బొమ్మ వచ్చింది. వంతెనకి పైన గోధుమ రంగు, కింద నీలం. పోటు మొదలైంది. నీలం మెల్లగా పైకొచ్చి, చించినాడ దాటి కొంచెం దూరం పోయి, అక్కడ నది బరువుకి ఆగింది. ఆగి, కాసేపు ఊగిసలాడి, వెనక్కి తగ్గింది. వర్మ గారు చెరువు దగ్గర ఉప్పు కొలిచి పెట్టుకున్న పాత అంకెలు తెచ్చి పక్కన పెట్టారు. అచ్చంగా సరిపోలేదు. కానీ దగ్గర్లో ఉంది, అదీ తప్పాల్సిన వైపే, ఉప్పు కాస్త ఎక్కువ చూపించే వైపే, తప్పింది. సుబ్బారావు గారు జేబు రుమాలు తీసి కళ్ళజోడు తుడిచారు. కళ్ళజోడు శుభ్రంగానే ఉంది.

బాస్‌కి పంపాను. చాలాసేపటికి జవాబు వచ్చింది. "సముద్రం సముద్రంలోనే ఉంది. మంచిది. కొత్తగా రాయడం వద్దులే, రెండూ ఉంచుదాం. యంత్రం మీద ఇంకో ఆర్నెల్లు సమయం అడుగుతున్నాను." అతని నుంచి అంత పొగడ్త నేను ముందెన్నడూ వినలేదు. గట్టిగా చదివి వినిపించాను. వర్మ గారు లేచి బావగారిని కావలించుకున్నారు. ఆయన పొట్ట అడ్డు రావడంతో అది సగంలోనే ఆగింది.

రైలు స్టేషన్లో నా చేతికి రెండు సంచులు వచ్చాయి. ఒకటి పూతరేకులు. రెండోది ఎండు రొయ్యలు. "మీకు పడతాయా?" అని వర్మ గారు అడిగి మరీ ఇచ్చారు.

ఇంటికొచ్చాక

పుణెకొచ్చి పది రోజులై ఉంటుంది. తెలియని నంబరు నుంచి ఫోను. సుబ్బారావు గారి అమ్మాయి, వైజాగ్ నుంచి. గొంతులో కంగారు.

"మేడం, ఏమీ అనుకోకండి. మా నాన్నగారూ మావయ్యగారూ ఇవాళ ఫోన్లో గట్టిగా అరుచుకున్నారట. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇలా ఎప్పుడూ లేదండి. మీరొచ్చి వెళ్ళాకే మొదలైందని అమ్మ అంటోంది. అసలేమైందండీ?"

"దేని గురించి అరుచుకున్నారు?"

"ఏదో ఉప్పు ఎక్కువ చూపిస్తోందనీ, తప్పు మీదంటే మీదనీ. చివరికి మావయ్యగారు, ఫోన్లో తెగదు, రేపు కారేసుకుని వస్తున్నాను, ఎదురుగా తేల్చుకుందాం అన్నారట. నాన్నగారు, రండి చూసుకుందాం అని పెట్టేశారట."

"అయ్యో. మరి అమ్మగారేమన్నారు?"

"అమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదండి. వియ్యంకుడు కోపంగా వస్తున్నాడు కదా, భోజనానికి ఏం చెయ్యమంటారు, పులిహోరా, బొబ్బట్లా అని అడిగిందట." ఆ అమ్మాయి ఆగింది. తను చెప్పబోయేది తనకే నమ్మశక్యంగా లేనట్టు మళ్ళీ మొదలెట్టింది. "నాన్నగారు ల్యాప్‌టాప్‌లోంచి తల కూడా ఎత్తకుండా, నన్నెందుకు అడుగుతావు, ఫోన్ చేసి ఆయన్నే అడుగు అన్నారట. అమ్మ అడిగిందట కూడా."

"ఏమన్నారు?"

"బొబ్బట్లు వద్దండీ, పనసపొట్టు కూర కావాలి, కారం కొంచెం తగ్గించండి, అన్నారట."